గార రోడ్డులో కొత్త పెట్రోల్ బంకు, దాంతో పాటు సూపర్ మార్కెట్: అభ్యంతరం ఎలా రాయాలి?

మిల్లు జంక్షన్ వాసి
అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో అరసవల్లి మిల్లు జంక్షన్ దాటి గార వైపు వెళ్తుంటే మా కాలనీ మొదట్లో చాలా ఏళ్లుగా ఖాళీగా ఉన్న జాగా ఒకటి ఉంది. అక్కడ పెట్రోల్ బంకు వస్తోందట. బంకుతో పాటు సూపర్ మార్కెట్, టీ కాఫీ కౌంటరు కూడా పెడతారట. మొన్న రెవెన్యూ వాళ్లు, వాళ్లతో మరో ఇద్దరు వచ్చి టేపు పట్టి కొలిచి వెళ్లారు. అడిగితే "ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) ఎంక్వయిరీ" అన్నారు తప్ప ఇంకేం చెప్పలేదు.

కాలనీలో సంతకాలు తీసుకుంటున్నారు. కాగితం మీద "మాకు ఈ బంకు వద్దు, ప్రాణభయం ఉంది" అని రెండు లైన్లు ఉన్నాయి, అంతే. ఇది సరిపోదనిపిస్తోంది. జాగా వెనక గోడను ఆనుకునే ఇళ్లు మొదలవుతాయి. ఎదురు సందులో ఒక ప్రైవేటు స్కూలు ఉంది. ఇలాంటి ఫైళ్లు తెలిసినవాళ్లు ఏం రాయాలో చెప్పండి.

బలగ కుర్రోడు
సంతకాలు ఎక్కువ పెట్టించండి సార్. కాలనీ అంతా ఒక్కమాట మీద ఉంటే కలెక్టరాఫీసులో పట్టించుకోకుండా ఉండరు.

రిటైర్డ్ టౌన్ ప్లానింగ్
బాబూ, సంతకాలు పనికొస్తాయి, కాదనను. కానీ ఆ ఫైలు చూసే అధికారి ముందుండేవి నిబంధనలు, కొలతలు. "ప్రాణభయం" అని రాస్తే ఫైర్ వాళ్ల రిపోర్టు ఒకటి జతచేసి మూసేస్తారు. "ఫలానా చోటి నుంచి మా ఇంటి గోడకు ఇన్ని మీటర్లే ఉంది" అని రాస్తే మాత్రం ఎవరో ఒకరు మళ్లీ వచ్చి కొలవాల్సిందే. నా సర్వీసంతా చూసింది ఇదే.

బంకు అనుమతి ఎలా నడుస్తుందో ముందు చెబుతాను. ఆయిల్ కంపెనీ స్థలం చూసుకుని, సైట్ ప్లాన్ గీయించి, జిల్లా యంత్రాంగానికి ఎన్‌ఓసీ కోసం దరఖాస్తు చేస్తుంది. పెట్రోలియం రూల్స్ 2002లో 144వ రూలు దీని గురించే. కలెక్టరేట్ నుంచి తహసీల్దారుకు, పోలీసులకు, ఫైర్‌కు, మున్సిపాలిటీకి, రోడ్డు ఎవరిదైతే వాళ్లకు లేఖలు వెళ్తాయి. అందరి రిపోర్టులు వచ్చాక ఎన్‌ఓసీ ఇవ్వడమో, నిరాకరించడమో చేస్తారు. ఈ విచారణకు గడువు 3 నెలలు. ఆ తర్వాతే పెసో, అంటే నాగపూర్ కేంద్రంగా ఉన్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ, ఫారం 14 కింద లైసెన్సు ఇస్తుంది. మీ దగ్గర టేపు పట్టారంటే ఫైలు ఇంకా రిపోర్టుల దశలోనే ఉంది. మాట్లాడాల్సింది ఇప్పుడే. పునాదులు తవ్వాక, ట్యాంకులు పాతాక కోర్టు తప్ప దారి ఉండదు.

ఇక దూరం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరి 7న కొత్త బంకులకు మార్గదర్శకాలు ఇచ్చింది. హరిత ట్రిబ్యునల్‌లో నడిచిన కేసు వల్ల వచ్చినవి అవి. స్కూలు, 10 పడకలు గానీ అంతకు మించి గానీ ఉన్న ఆసుపత్రి, స్థానిక చట్టాల ప్రకారం నివాస ప్రాంతంగా నిర్ణయించిన చోటు, వీటికి 50 మీటర్ల లోపల కొత్త బంకు పెట్టకూడదు. స్థలం చాలక 50 కుదరకపోతే పెసో చెప్పిన అదనపు భద్రతా ఏర్పాట్లు చేయాలి. ఎన్ని ఏర్పాట్లు చేసినా 30 మీటర్లకు తగ్గడానికి మాత్రం వీల్లేదు. బంకు మీదుగా హైటెన్షన్ లైను పోకూడదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ కొలత ప్రహరీ గోడ నుంచి తీసేది కాదు. ట్యాంకరు ఆయిల్ దించే ఫిల్ పాయింటు, బండికి పెట్రోల్ కొట్టే పంపు, ట్యాంకు ఆవిరి పోయే వెంట్ పైపు, ఈ మూడింటిలో ఏది మీకు దగ్గరైతే అక్కడి నుంచి కొలవాలి. కాబట్టి సైట్ ప్లాన్ చేతిలో లేకుండా మీరు ఎంత దూరం రాసినా అది ఊహే అవుతుంది. ముందు ప్లాన్ కాపీ సంపాదించండి.

హైదరాబాద్‌లో ఉంటున్నా
సార్, మా అమ్మానాన్న ఉండేది ఆ వెనక గోడ పక్కనే. నాన్నకు ఆయాసం. మా ఇంటి వంటగది కిటికీ సరిగ్గా ఆ జాగా వైపే తెరుచుకుంటుంది. నేను ఇక్కడి నుంచి ఏమైనా చేయగలనా? రాత్రి నుంచి ఒకటే టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ టౌన్ ప్లానింగ్
చేయగలవు నాయనా. సమాచార హక్కు దరఖాస్తు నువ్వే పంపు. 10 రూపాయల ఫీజు. సైట్ ప్లాన్ కాపీ, ఇప్పటిదాకా వచ్చిన శాఖల రిపోర్టులు, మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో, ఈ మూడూ అడుగు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మొదటి రెండూ కలెక్టరేట్‌ నుంచి వస్తాయి. జోన్ సంగతి కోసం సుడాకు, అంటే శ్రీకాకుళం పట్టణాభివృద్ధి సంస్థకు, వేరేగా పెట్టు. రెండూ ఒకే దరఖాస్తులో కలిపితే "మా పరిధి కాదు" అని ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు.

ఆటో స్టాండ్
నా మాట కూడా వినండి. ఆ రోడ్డు మీద రోజూ తిరిగేవాణ్ణి. గార వైపు నుంచి ఖాళీ ట్యాంకుతో వస్తే ఊళ్లోకి వచ్చి క్యూలో నిలబడాలి. పొలం ట్రాక్టర్లకు డీజిలు డబ్బాల్లో మోసుకెళ్తున్నారు, అది ఇంకా ప్రమాదం. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు లేక, జనరేటర్ ఉన్న బంకు దొరక్క మేం ఎంత తిరిగామో మాకు తెలుసు. తిత్లీకి 2018లో పలాస, టెక్కలి వైపు చుట్టాలకు బియ్యం పట్టుకెళ్దామంటే ముందు డీజిలు దొరకాలి. బంకు వద్దు అనేవాళ్లందరికీ బళ్లు ఉన్నాయి. వాళ్లకూ పెట్రోల్ కావాలి కదా. సీఎన్‌జీ కూడా పెడతారంటే మా స్టాండ్ వాళ్లం అందరం అనుకూలంగా సంతకం పెడతాం.

మిల్లు జంక్షన్ వాసి
అన్నయ్యా, మీ మాట నిజం. బంకు అసలే వద్దని నేనూ అనడం లేదు. ఇళ్ల గోడకు ఆనించి పెట్టడం మీదే మా బాధ.

బంకులో పనిచేసినవాణ్ణి
విజయనగరం వైపు ఒక బంకులో చాలాకాలం మేనేజరుగా చేశాను. బయటివాళ్లు బంకును పంపు దగ్గర నుంచి చూస్తారు. మా ఉద్యోగంలో అసలు భయం ట్యాంకరు దిగేటప్పుడు.

12 వేల లీటర్ల బండి గానీ 20 వేల లీటర్ల బండి గానీ వస్తుంది. ఇంజను ఆపించాలి. ఎర్తింగ్ క్లిప్పు తగిలించాలి. లోపల ఆయిల్ కుదుటపడి స్టాటిక్ ఛార్జి పోయేదాకా ఆగాలి. డిప్, అంటే కొలకర్రతో ఆయిల్ మట్టం, చూసుకుని, డెన్సిటీ చూసుకుని, మంటలార్పే సిలిండర్లు పక్కన పెట్టుకుని అప్పుడు హోస్ బిగించాలి. బండి ముఖం బయటికి పోయే దారి వైపే ఉండాలి, ఏదైనా జరిగితే వెనక్కి తీసే పని లేకుండా ముందుకే లాగేయడానికి. ఆయిల్ దిగుతున్నంతసేపూ భూమిలోని ట్యాంకులో ఉన్న ఆవిరిని ఆ ఆయిల్ పైకి తోస్తుంది. అదంతా వెంట్ పైపులోంచి బయటికి వస్తుంది. అందుకే ఆ పైపు నేల నుంచి కనీసం 4 మీటర్ల ఎత్తు ఉండాలంటారు.

పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు. పైకి పోదు, నేలను పట్టుకుని పాకుతుంది, పల్లం దొరికితే అక్కడ చేరుతుంది. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా పెట్రోల్ నుంచి మండే ఆవిరి వస్తుంది. మన శ్రీకాకుళం మే నెల ఎండల సంగతి చెప్పక్కర్లేదు. ఆ జాగా ముందు రోడ్డు వారగా మురుగు కాలువ ఉందా? ఉంటే దాని మీద పలకలు ఉన్నాయా? నేనైతే మొదట అదే అడుగుతాను. కాలువలో చేరిన ఆవిరి ఎక్కడో దూరాన కాల్చి పారేసిన బీడీకి అంటుకోవచ్చు.

ఇంకొకటి. ఆవిరిని వెనక్కి పట్టుకునే వ్యవస్థ ఒకటి ఉంది. నెలకు 300 కిలోలీటర్ల పెట్రోల్ అమ్మే అవకాశం ఉన్న కొత్త బంకుకు అది తప్పనిసరి. 10 లక్షల జనాభా దాటిన నగరాల్లో అయితే 100 కిలోలీటర్లకే. గార రోడ్డు బంకు నెలకు 300 కిలోలీటర్లు అమ్ముతుందని నాకు అనిపించదు. అంటే ఆ యంత్రం పెట్టమని నిబంధన బలవంతపెట్టదు. మిమ్మల్ని కాపాడేది ఆ 50 మీటర్ల దూరమే. దాన్ని మాత్రం వదులుకోకండి.

ఆటో అన్నకు: సీఎన్‌జీ పెడితే లెక్క వేరు. అది 200 బార్ చుట్టూ ఒత్తిడిలో సిలిండర్లలో ఉంటుంది. 2016 నాటి గ్యాస్ సిలిండర్ల రూల్స్ కింద దానికి విడిగా లైసెన్సు తీసుకోవాలి. ఇప్పుడు పెట్టిన ప్లాన్‌లో అది లేకుండా తర్వాత చేరిస్తే మళ్లీ అనుమతులు మొదటికి వస్తాయి.

కాలనీ మూడో వీధి
మా కాలనీకి కాలువ ఉంది. సగం దూరం పలకలు లేవు. వానొస్తే నీళ్లు పొంగేది ఆ జాగా దగ్గరే.

వీధి చివర కొట్టు
నాది ఆ రోడ్డులోనే చిన్న కిరాణా కొట్టు. ఇంటాయన పోయాక దాని మీదే బతుకుతున్నాం. బంకు సంగతి నాకు తెలియదు. ఏసీ పెట్టి, రాత్రంతా తెరిచి సూపర్ మార్కెట్ నడిపితే నా కొట్టుకు ఎవరొస్తారు? ఇది కూడా ఆ కాగితంలో రాయమని అడుగుతున్నాను.

రిటైర్డ్ టౌన్ ప్లానింగ్
అమ్మా, మీ కష్టం అర్థమవుతుంది. కానీ పోటీ వస్తుందనే కారణం మీద ఏ అధికారీ అనుమతి ఆపలేడు. అది రాస్తే మిగతా బలమైన పాయింట్లు కూడా వ్యాపారపు గొడవగా కనబడతాయి. మీకు నిజంగా పనికొచ్చే ప్రశ్న వేరే ఉంది. ఆ సూపర్ మార్కెట్ ప్లాన్‌లో చూపించారా? చూపిస్తే దానికొచ్చే బళ్లు ఎక్కడ ఆగుతాయి? పెట్రోల్ కొట్టించుకునే బండి త్వరగానే వెళ్లిపోతుంది. సరుకులకొచ్చిన బండి అలా కదలదు. పార్కింగ్ లోపల చూపకపోతే ఆ బళ్లన్నీ రోడ్డు మీదే, మీ కొట్టు ముందే ఆగుతాయి. దీన్ని అధికారి తోసిపుచ్చలేడు.

టీ కాఫీ కౌంటరు సంగతి కూడా అంతే. పంపులు, ఫిల్ పాయింటు, వెంట్ చుట్టూ కొంత మేర ప్రమాద ప్రాంతంగా గుర్తిస్తారు. అందులో నిప్పు పనికిరాదు. కరెంటు సామాను కూడా ప్రత్యేకమైనదే వాడాలి. టీ స్టవ్వు ఎక్కడ పెడతారో ప్లాన్‌లో కనబడాలి.

పిల్లల టీచరు
నేను ఆ సందులోని స్కూల్లోనే చెబుతాను, పేరు వద్దు. మా పిల్లల్లో సగం మంది సైకిళ్ల మీద వస్తారు. ఉదయం స్కూలు టైముకీ, సాయంత్రం వదిలే టైముకీ ఆ మలుపు ఎలా ఉంటుందో రోడ్డు దాటించే మాకు తెలుసు. మాఘ మాసం ఆదివారాల్లో అరసవల్లి దర్శనానికొచ్చే బళ్లతో మొత్తం నిండిపోతుంది, రథసప్తమికి ఇక చెప్పనే అక్కర్లేదు. ఆ రోజు పోలీసులు ట్రాఫిక్ మళ్లిస్తే ఈ రోడ్డు మీదకే వస్తుంది. బంకులోకి తిరిగే బళ్లు, వాటికి అడ్డంగా ఊళ్లోకి పోయే బళ్లు, మధ్యలో మా పిల్లలు. నాకు ఆవిరి కన్నా ఇదే ఎక్కువ భయం.

రిటైర్డ్ టౌన్ ప్లానింగ్
టీచరమ్మా, దీనికీ నిబంధన ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 12వ నంబరు కోడ్ బంకుల దారుల గురించే. లోపలికి ఒక దారి, బయటికి ఒక దారి, ఆ రెంటి మధ్య రోడ్డు వైపు బఫర్ పట్టీ, అంటే బళ్లు దాటకుండా వదిలే జాగా, ఉండాలి. ఊరి పరిధిలో స్థలం కనీసం 20 మీటర్లు ముందు, 20 మీటర్లు లోతు ఉండాలి. కూడలికి ఎంత దూరంలో దారి తెరవాలో కూడా అందులోనే ఉంటుంది. మీ స్కూలు సందు ఆ జాగా దారికి ఎంత దూరమో కొలిచి రాయండి. స్కూలు యాజమాన్యం లెటర్‌హెడ్ మీద విడిగా ఇస్తే ఇంకా మంచిది. స్కూలు పేరుతో వచ్చిన కాగితం, 50 మీటర్ల నిబంధనలో మొదటి మాటే స్కూలు కాబట్టి, ఫైల్లో వేరుగా నిలబడుతుంది.

కాలనీ మూడో వీధి
సార్, ఒక మాట ఇక్కడ అడగొచ్చో లేదో. మా లేఅవుట్ అప్రూవ్డ్ కాదు. కొంతమంది ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ ఫీజు) కట్టారు, కొంతమంది కట్టలేదు. "నివాస ప్రాంతం" అని మేం గట్టిగా రాస్తే, ముందు మీ ఇళ్లకు అనుమతులు చూపించండి అంటారేమో. అందుకే మా వీధి వాళ్లు సంతకానికి వెనకాడుతున్నారు.

రిటైర్డ్ టౌన్ ప్లానింగ్
అడగాల్సిన ప్రశ్నే. మార్గదర్శకంలో ఉన్న మాట "స్థానిక చట్టాల ప్రకారం నిర్ణయించిన నివాస ప్రాంతం". అంటే మాస్టర్ ప్లాన్‌లో మీ సర్వే నంబర్లు నివాస జోన్‌లో ఉన్నాయా అన్నదే ముఖ్యం. జోన్ వేరు, మీ ఒక్కొక్క ఇంటి ప్లాన్ అనుమతి వేరు. జోన్ సర్టిఫికెట్‌లో నివాస జోన్ అని వస్తే, మీ వీధిలో ఎల్‌ఆర్‌ఎస్ కట్టనివాళ్లు ఉన్నా ఆ పాయింటు చెల్లుతుంది. కట్టినవాళ్లు రసీదులు జతచేయండి, సంతకాల్లో వాళ్ల పేర్లు ముందు పెట్టండి. జోన్ వేరేగా వస్తే మాత్రం ఇళ్ల దూరం మీద పట్టుపట్టకండి. స్కూలు దూరం, రోడ్డు, కాలువ, వీటి మీద నిలబడండి. అందుకే జోన్ సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా ఆ వాక్యం రాయొద్దంటున్నాను.

దరఖాస్తు పెట్టినవాళ్ల బంధువుని
ఇదంతా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. బంకు వచ్చింది మా తమ్ముడికి. ఆయిల్ కంపెనీ ప్రకటన చూసి అప్లై చేశాడు, లాటరీలో పేరు వచ్చింది. స్థలం లీజుకు తీసుకున్నాడు. ఇంట్లో బంగారం, ఊళ్లో ఎకరం, అన్నీ దీని మీదే పెట్టాం. మేం ఎవరి ప్రాణాల మీదికీ తేవాలని రాలేదు. కంపెనీ వాళ్లు స్థలం చూసి సరే అన్నాకే ముందుకు వెళ్లాం. మా మీద ఇంత కోపం ఎందుకు?

మిల్లు జంక్షన్ వాసి
తమ్ముడూ, మీ మీద కోపం లేదు. కాలనీ వాట్సాప్‌లో ఎవరో మీ కుటుంబం గురించి తప్పుగా రాస్తే నేనే తీయించాను. మీ దగ్గర ప్లాన్ ఉంటుంది కదా. ఫిల్ పాయింటు, వెంట్ పైపు ఎక్కడ పెట్టారో చెప్పగలరా? ఆర్టీఐ జవాబు వచ్చేదాకా ఆగక్కర్లేకుండా పోతుంది.

దరఖాస్తు పెట్టినవాళ్ల బంధువుని
వెనక గోడ వైపు మూలనే ఉన్నాయి. ముందు భాగం పంపులకు, షాపుకు వదిలారు. ప్లాన్ గీసింది కంపెనీ వాళ్ల మనిషి.

బంకులో పనిచేసినవాణ్ణి
అదీ సంగతి. షాపు రోడ్డు మీదకి కనబడాలని ముందుకు జరిపి, ట్యాంకులను వెనక్కి, ఇళ్ల పక్కకి నెట్టారు. బంకుల్లో ఇది మామూలే. లాభం షాపులో ఎక్కువ కాబట్టి మంచి చోటు దానికిస్తారు. దాన్ని తిప్పేయొచ్చు. షాపును వెనక గోడ వైపు పెడితే ఆ భవనమే ఇళ్లకూ ట్యాంకులకూ మధ్య ఉంటుంది. ట్యాంకులు, ఫిల్ పాయింటు, వెంట్ రోడ్డు వైపు ఒక పక్కకి వస్తే ట్యాంకరు కూడా లోపలంతా తిరగకుండా నేరుగా వచ్చి దించి పోతుంది. మరి 50 వస్తుందా, 30 అయినా వస్తుందా అన్నది టేపు పట్టి చూడాలి. 30 కూడా రాకపోతే మీ తమ్ముడు ఇప్పుడే కంపెనీని ఇంకో స్థలం అడగడం మేలు. ట్యాంకులు పాతాక ఎవరో కోర్టుకు వెళ్లి స్టే తెస్తే బంగారం పెట్టి తెచ్చిన డబ్బంతా అక్కడే ఇరుక్కుంటుంది.

ఆటో స్టాండ్
ఇది బాగుంది. బంకూ ఉంటుంది, ఇళ్ల పక్కన ట్యాంకులూ ఉండవు.

హైదరాబాద్‌లో ఉంటున్నా
నీళ్ల సంగతి ఎవరూ అనలేదు. మా వీధిలో ఇంకా నూతులు వాడుతున్నారు, బోర్లూ ఉన్నాయి. నాగావళి పక్క కాబట్టి వానాకాలంలో నీరు బాగా పైకి వస్తుంది. భూమిలో పెట్రోల్ ట్యాంకు కారితే?

బంకులో పనిచేసినవాణ్ణి
మంచి ప్రశ్న. పెట్రోల్‌లో బెంజీన్ ఉంటుంది, కేన్సర్ కలిగించే పదార్థం. బీఎస్-6 పెట్రోల్‌లో 1 శాతానికి మించకూడదనే పరిమితి అందుకే. కారితే నీళ్లలో తెలుస్తుంది, కానీ అప్పటికి ఆలస్యం అవుతుంది. నీరు పైన ఉన్న చోట ట్యాంకుకు ఇంకో బాధ కూడా ఉంది. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. నీరు లోపలికి ఊరితే ఇథనాల్ ఆ నీటితో కలిసి అడుగున వేరే పొరగా దిగిపోతుంది, బళ్లు రోడ్డు మీద ఆగిపోతాయి. అందుకే రెండు గోడల ట్యాంకు, కారితే చెప్పే సెన్సరు అడగండి. అది డీలరుకూ లాభమే. బంకు మొదలుపెట్టే ముందే దగ్గరున్న నూతుల నీళ్లు ఒకసారి పరీక్ష చేయించి రిపోర్టు దాచుకోండి. తర్వాత తేడా వస్తే చూపించడానికి మొదటి రిపోర్టు కావాలి.

బలగ కుర్రోడు
ఊళ్లో ఇళ్ల మధ్య పాత బంకులు ఎన్ని లేవు? వాటికి లేని దూరం దీనికెందుకు అంటే ఏం చెప్పాలి?

రిటైర్డ్ టౌన్ ప్లానింగ్
2020 మార్గదర్శకంలో ఆ దూరం కొత్త బంకులకు అని స్పష్టంగా ఉంది. పాతవి చూపించి కొత్తదానికి మినహాయింపు అడగడం కుదరదు.

మిల్లు జంక్షన్ వాసి
ఇవాళ సాయంత్రం కాలనీలో కూర్చున్నాం. "బంకు వద్దు" కాగితం పక్కన పెట్టేశాం. కొత్తది ఇలా రాశాం, చూసి సరిచేయండి:

"గార రోడ్డులో ప్రతిపాదించిన పెట్రోల్ బంకు సైట్ ప్లాన్‌లో ఫిల్ పాయింటు, వెంట్ పైపు వెనక గోడ వైపు ఉన్నట్టు తెలిసింది. 2020 జనవరి 7 నాటి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాల ప్రకారం ఫిల్ పాయింటు, పంపులు, వెంట్ పైపుల్లో స్కూలుకు ఏది దగ్గరైతే దాని నుంచి ఉన్న దూరాన్ని మా సమక్షంలో కొలవాలని కోరుతున్నాం. షాపుకు వచ్చే వాహనాల పార్కింగ్ ఆవరణ లోపలే చూపాలి. లోపలికి, బయటికి వేర్వేరు దారులు ఉండాలి. బంకు ముందున్న కాలువకు పూర్తిగా పలకలు వేయాలి. ట్యాంకరు స్కూలు మొదలయ్యే, వదిలే వేళల్లో రాకూడదు. రెండు గోడల ట్యాంకులు పెట్టాలి, చుట్టూ ఉన్న నూతుల నీటిని ముందుగా పరీక్షించాలి. పై విషయాలు తేలే వరకు ఎన్‌ఓసీ ఇవ్వవద్దని మనవి."

ఇళ్ల దూరం గురించి ఒక లైను ఖాళీ వదిలాం. జోన్ సర్టిఫికెట్ వచ్చాక అది చేర్చి రెండో అర్జీ ఇస్తాం. కిరాణా కొట్టు అమ్మగారు పార్కింగ్ పాయింటు కింద సంతకం పెట్టారు. ఆటో స్టాండ్ వాళ్లు నలుగురు పెట్టారు.

పిల్లల టీచరు
మా యాజమాన్యం లెటర్‌హెడ్ ఇస్తామన్నారు. రేపు మధ్యాహ్నం పట్టుకొస్తాను. కాలువ పలకల మాట ముందుకు తెస్తారా? వానాకాలంలో పిల్లలు దాని పక్కనే నడుస్తారు.

దరఖాస్తు పెట్టినవాళ్ల బంధువుని
మా తమ్ముడికి చూపించాను. షాపును వెనక్కి జరిపి ప్లాన్ మార్చమని కంపెనీ ఇంజనీరుకు ఫోన్ చేశాడు. ఒప్పుకుంటారో లేదో తెలియదు. కొలతకు మీరు వచ్చినప్పుడు మేమూ వస్తాం.

రిటైర్డ్ టౌన్ ప్లానింగ్
అర్జీ బాగుంది. "తెలిసింది" అన్న చోట ఎవరు చెప్పారని అడుగుతారు. "సైట్ ప్లాన్ కాపీ ఇప్పించమని కోరుతున్నాం" అని ఒక వాక్యం కలపండి, సరిపోతుంది. టీచరమ్మ అన్నట్టు కాలువను పైకి తీసుకురండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. ఒక కాపీ మున్సిపల్ కమిషనరుకు, ఒకటి ఫైర్ ఆఫీసుకు విడిగా ఇచ్చి, ఇంకో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. అర్జీ నంబరు లేకుండా వెనక్కి రావద్దు. ప్లాన్ మారితే కొత్త కాపీ ఇక్కడ పెట్టండి, వెంట్ పైపు ఎక్కడికి వచ్చిందో చూసి చెబుతాను.